గీత కుదిరితే కారణం తేలినట్టేనా?

జనగామ వైపు భూగర్భ జలాల మాట ఎత్తితే చాలు, ఒక వాదన తరచుగా వినపడుతోంది. పదేళ్ల నీటిమట్టాలను కంప్యూటర్‌లో వరుసగా ఎక్కిస్తారు. చుక్కల మధ్యగా ఒక గీత గీయిస్తారు. గీత పైకి లేస్తుంది. పక్కనే ఆర్-స్క్వేర్ అనే అంకె 0.9కి దగ్గరగా కనిపిస్తుంది. ఇక తీర్పు వచ్చేస్తుంది: నీళ్లు పెరిగింది ఫలానా పథకం వల్లనే, అందుకు లెక్కలే రుజువు, ఇక ముందు కూడా ఇలాగే పెరుగుతాయి. పథకం పేరు మాత్రం చెప్పేవారిని బట్టి మారుతుంది. ఒకరు చెరువుల పూడికతీత అంటారు, ఇంకొకరు దేవాదుల ఎత్తిపోతల నీళ్లంటారు, మరొకరు చెక్‌డ్యాములు అంటారు. గీత ఒక్కటే, ఆర్-స్క్వేర్ ఒక్కటే, ఘనత అడిగేవారు ముగ్గురు.

ఈ వాదన తప్పని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. ఒకే గీత మూడు వేర్వేరు కారణాలకు సమానంగా సాక్ష్యం పలుకుతోందంటే, ఆ మూడింటిలో ఏ ఒక్కదానికీ అది సాక్ష్యం కానట్టే. అయినా ఈ తీరు మాట సభల్లో, టీవీ చర్చల్లో, డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో చలామణీ అవుతూనే ఉంది. అందుకే దీన్ని వివరంగా ఖండించాలి. జనగామ జిల్లాలోని నర్మెట్ట లాంటి మండలంలో ఇది పుస్తకాల తగాదా కాదు. ఇక్కడ చెలక నేల ఎక్కువ, కింద గ్రానైటు రాయి, సేద్యం చాలావరకు బోరు మీద. నీళ్లు పెరిగాయన్న మాట నమ్మి రైతు యాసంగిలో ఇంకో ఎకరం వరి వేస్తాడు, అప్పు తెచ్చి ఇంకో బోరు వేయిస్తాడు. బోరు ఎత్తిపోతే ఆ అప్పు గీత గీసినవారి మీద పడదు, రైతు మీదే పడుతుంది.

ఇలా చుక్కల మధ్యగా గీత గీసే పద్ధతి పేరు రేఖీయ రిగ్రెషన్. అది అసలు చేసే పని ఏమిటో ముందు చూద్దాం. రెండు కొలతలు ఉన్నాయి. వాటిని చుక్కలుగా పెడితే అవి అటూ ఇటూ చెదిరి ఉంటాయి. వాటి మధ్యగా ఎన్ని గీతలైనా గీయవచ్చు. ఒక్కో చుక్క గీతకు నిలువుగా ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, అన్నిటినీ కూడితే వచ్చే మొత్తం ఏ గీతకు అన్నిటికంటే తక్కువో దాన్ని ఎంచుకుంటారు. ఇదే కనిష్ఠ వర్గాల పద్ధతి. ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్ర్ దీన్ని 1805లో తోకచుక్కల కక్ష్యల లెక్కల కోసం ప్రచురించాడు. జర్మనీకి చెందిన గౌస్ 1809లో గ్రహగతుల గ్రంథంలో దీనికి సిద్ధాంత బలం కూర్చాడు. ఆకాశంలో ఆ పద్ధతి బాగా పనిచేయడానికి కారణం ఉంది. గ్రహం ఏ నియమం ప్రకారం తిరుగుతుందో న్యూటన్ అప్పటికే చెప్పాడు. కొలతల్లోని చిన్న చిన్న తప్పులను సర్దుకోవడమే మిగిలిన పని. నేల కింది నీటికి అలాంటి తయారు నియమం మన చేతిలో లేదు. నియమం తెలిసినచోట పుట్టిన పనిముట్టును తెలియనిచోట వాడుతున్నప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. ఈ అంకెలు వివరణ కోసం అల్లినవి, ఏ ఊరి కొలతలూ కావు. ఐదేళ్ల వానలు 500, 600, 700, 800, 900 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ ఏళ్లలో మే నుంచి నవంబరు నాటికి బావిలో నీళ్లు పైకి వచ్చిన ఎత్తు వరుసగా 1, 1, 2, 4, 7 మీటర్లు. వాన సగటు 700, పెరుగుదల సగటు 3. ఒక్కో ఏడు వాన సగటుకు ఎన్ని వందల దూరంలో ఉందో, నీరు సగటుకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చూసి, రెండింటినీ గుణిస్తే 4, 2, 0, 1, 8 వస్తాయి. మొత్తం 15. వాన దూరాల వర్గాలు 4, 1, 0, 1, 4. మొత్తం 10. పదిహేనును పదితో భాగిస్తే 1.5. ఇదే గీత వాలు. అంటే వాన వంద మిల్లీమీటర్లు పెరిగితే నీరు సగటున మీటరున్నర పైకి వస్తుందని గీత చెబుతోంది. దీని ఆర్-స్క్వేర్ 0.87. సంవత్సరానికీ సంవత్సరానికీ నీటిలో కనిపించిన తేడాల్లో 87 శాతం ఈ గీత పట్టుకుందన్నమాట. సభలో చెబితే చప్పట్లు పడే అంకె.

ఇప్పుడు గీత చెప్పిన విలువలను అసలు కొలతల పక్కన పెట్టండి. గీత ప్రకారం పెరుగుదల 0, 1.5, 3, 4.5, 6 మీటర్లు ఉండాలి. అసలు కొలతలోంచి వీటిని తీసేస్తే +1, –0.5, –1, –0.5, +1 మిగులుతాయి. ఈ మిగుళ్లనే అవశేషాలంటారు. గీత సరైనదైతే అవి ఒక వరుస లేకుండా చెదిరి ఉండాలి. ఇక్కడ రెండు చివర్లా పైన ఉన్నాయి, నడుమ కింద ఉన్నాయి. ఈ సంబంధం సరళరేఖ కాదని, వంపు తిరిగిందని అవి చెబుతున్నాయి. నేల సంగతి తెలిసినవారికి ఇందులో వింత లేదు. తొలి వానలన్నీ ఎండిన చెలకే తాగేస్తుంది, మిగిలింది పైరు తీసుకుంటుంది. నేల తడిసి, వాగులు పారి, చెరువు నిండి మత్తడి దుంకాకనే లోపలి ఊట బలంగా లేస్తుంది. 87 శాతం పట్టుకున్న గీత అసలు విషయాన్నే వదిలేసింది.

ఈ గీతనే ఇంకొంచెం కిందికి పొడిగించి చూడండి. వాన 400 మిల్లీమీటర్లయితే నీరు మీటరున్నర దిగిపోతుందని చెబుతుంది. పైకి పొడిగిస్తే 1500 మిల్లీమీటర్లకు 15 మీటర్లు లేస్తుందని చెబుతుంది. రాయి మీదున్న మెత్తటి పొర నిండాక ఇంకా నీళ్లు పట్టే చోటు ఎక్కడిది? కొలిచిన హద్దు 500 నుంచి 900 దాకానే. ఆ హద్దు దాటి మాట్లాడే హక్కు గీతకు లేదు. "ఇక ముందు కూడా ఇలాగే పెరుగుతాయి" అనే మాట సరిగ్గా ఈ హద్దునే దాటుతోంది.

మీటరున్నర అన్న ఆ అంకెనైనా నమ్మవచ్చా? కొలతలు ఐదే కాబట్టి దానికి 95 శాతం విశ్వాసంతో హద్దులు కడితే 0.4 నుంచి 2.6 మీటర్ల దాకా వస్తాయి. ఒక చివర నలభై సెంటీమీటర్లు, ఇంకో చివర దానికి ఆరు రెట్లకు పైన. ఈ హద్దులు చెప్పకుండా మీటరున్నర అని ఒక్క అంకె పలకడం సగం నిజం దాచడమే.

ఆర్-స్క్వేర్ మీద గుడ్డి నమ్మకం ఎంత ప్రమాదమో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త 1973లోనే చూపించాడు. పదకొండేసి చుక్కలున్న నాలుగు గుంపులు తయారుచేశాడు. నాలుగింటికీ సగటులు ఒకటే. గీత కూడా ఒకటే: మూడుకు, అడ్డం కొలతలో సగం కలిపితే నిలువు కొలత. సహసంబంధం (దీని వర్గమే ఆర్-స్క్వేర్) నాలుగింటికీ 0.816. కాగితం మీద చుక్కలు పెట్టి చూస్తే ఒకటి మామూలు సరళరేఖ, ఒకటి స్పష్టమైన వంపు, మూడోది ఒక్క చుక్క వల్ల పక్కకు ఒరిగిన రేఖ, నాలుగోదాంట్లో ఒకే ఒక్క చుక్క మొత్తం గీతను నిలబెడుతోంది. అంకె ఒకటే, అసలు రూపాలు నాలుగు. కాబట్టి చుక్కలు చూపించకుండా ఆర్-స్క్వేర్ మాత్రమే చూపించేవారి మాట వినాల్సిన పని లేదు.

ఇక నర్మెట్ట లాంటి చోట చూపే పదేళ్ల నీటిమట్టాల గీత దగ్గరికి వద్దాం. ఇందులో అడ్డం అక్షం మీద ఉండేది వాన కాదు, సంవత్సరం. సంవత్సరం నేలలోకి నీళ్లు ఇంకించదు. ఆ సంవత్సరాల్లో జరిగినవే ఇంకిస్తాయి, తోడేస్తాయి. జరిగినవి ఎన్నో చూడండి. మిషన్ కాకతీయ 2015లో మొదలైంది, చెరువుల పూడిక తీశారు. దేవాదుల ఎత్తిపోతల పథకం ఏటూరునాగారం వైపు గోదావరి నుంచి నీళ్లను ఎత్తి ఈ మెట్ట ప్రాంతానికి తెస్తుంది. బొమ్మకూర్, వెల్దండ రిజర్వాయర్లు నర్మెట్ట మండలంలోనే ఉన్నాయి. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. మోటార్లు ఎక్కువసేపు నడిచే వీలు కలిగింది కాబట్టి అది నీళ్లను తోడే వైపు పనిచేసే మార్పు. చెరువు కింద కాలువ నీళ్లు అందినచోట బోరు వాడకం తగ్గే వీలుంది, వరి పెరిగినచోట ఎక్కువయ్యే వీలుంది. వీటన్నిటి మీదా వానలు. 2014, 2015 రెండూ తెలంగాణకు లోటు సంవత్సరాలు. 2020, 2021, 2022 మూడేళ్లూ నైరుతి వానలు సగటుకు మించి కురిశాయి.

పదేళ్ల గీత ఎక్కడ మొదలవుతోందో గమనించండి. కరువు రోజుల్లో మొదలై మంచి వానల రోజుల్లో ముగుస్తోంది. ఏ పథకమూ లేకపోయినా ఆ గీత పైకి లేస్తుంది. మరీ తక్కువగా ఉన్న కొలత తర్వాత వచ్చే కొలతలు సగటు వైపు జరగడం చాలా సంగతుల్లో కనిపించే గుణం. బ్రిటన్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో 205 జంటల, పెరిగి పెద్దయిన వారి 928 మంది పిల్లల ఎత్తులు పరిశీలించి ఇదే చెప్పాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగే కానీ, సగటు నుంచి వారి దూరం తల్లిదండ్రుల దూరంలో సుమారు మూడింట రెండు వంతులే. పొట్టివారి పిల్లలూ అలాగే సగటు వైపు వచ్చారు. రిగ్రెషన్ అనే మాట ఆ పరిశీలన నుంచే వచ్చింది. ఇంత పాత పాఠాన్ని మరిచిపోయి, కరువు సంవత్సరాన్ని పునాదిగా పెట్టుకుని ఆ పైన వచ్చిన పెరుగుదలంతా తమ ఖాతాలో వేసుకోవడం లెక్క తెలిసినవారు చేయకూడని పని.

కాలంతో పాటు పెరిగేవో తగ్గేవో రెండు వరుసలను పక్కపక్కన పెడితే వాటి మధ్య గట్టి సహసంబంధం కనిపించడం మామూలే. ఉడ్నీ యూల్ 1926లో దీని మీదే ఒక ప్రసిద్ధ పత్రం రాశాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1866 నుంచి 1911 వరకు మొత్తం పెళ్లిళ్లలో ఆంగ్లికన్ చర్చిలో జరిగిన వాటి వాటానూ, అదే కాలంలో మరణాల రేటునూ తీసుకున్నాడు. రెండూ తగ్గుతూ వచ్చాయి. సహసంబంధం 0.95. చర్చిలో పెళ్లిళ్లు మానేస్తే జనం ఎక్కువ కాలం బతుకుతారని దాన్నుంచి ఎవరైనా తేలుస్తారా? 0.95 ఉండి కూడా అక్కడ కారణం లేదు. మన నీటిమట్టాల గీతకు 0.9 వచ్చిందని కారణం ఉందనడం అదే కోవ పొరపాటు.

"అయితే అన్నిటినీ ఒకేసారి లెక్కలో పెట్టండి, కంప్యూటర్ విడదీస్తుంది" అని కొందరంటారు. వాన, పూడికతీత, కాలువ నీళ్లు, కరెంటు అన్నీ పెట్టి బహుచర రిగ్రెషన్ చేయవచ్చు, చేయాలి కూడా. కానీ అవన్నీ ఒకే పదేళ్లలో కలిసి కదిలితే, పది చుక్కల నుంచి ఎవరి వాటా ఎంతో కంప్యూటర్ కూడా విడదీయలేదు. ఒక ఏడాది కొలత చేర్చినా తీసినా వాటాలు తారుమారవుతాయి, ఆ అంచనాలు ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే ప్రామాణిక దోషాలు ఉబ్బిపోతాయి. విడదీయాలంటే తేడా ఉన్నచోట్ల వెతకాలి. పూడిక తీసిన చెరువుల కింది బావులను, తీయని చెరువుల కింది బావులను ఒకే వాన పడిన ఏళ్లలో పోల్చాలి. ఉదాహరణకు పూడిక తీసిన ఊళ్లో నీరు నాలుగు మీటర్లు లేచి, పక్కనే పూడిక తీయని ఊళ్లో అదే కాలంలో మూడు మీటర్లు లేస్తే, పూడికతీతకు దక్కే ఘనత ఒక మీటరే. దానికైనా ఆ రెండు ఊళ్లూ మిగతా అన్ని విషయాల్లో దాదాపు ఒకే తీరుగా ఉండాలి. ఇలా పోల్చకుండా నాలుగు మీటర్లూ మాదేననడం చెల్లదు.

ఇందులో ఇంకో పొరపాటు దాగి ఉంది. జిల్లా సగటునో మండల సగటునో చూపించి ఒక రైతు బోరు గురించి మాట్లాడటం. అమెరికాలో రాబిన్సన్ 1950లో రాసిన పత్రం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. అక్కడి 1930 జనాభా లెక్కల్లో, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అక్షరాస్యత కూడా ఎక్కువగా ఉంది. రాష్ట్రాల సగటులతో చూస్తే సహసంబంధం సుమారు 0.53. మనుషులను ఒక్కొక్కరిగా చూస్తే మాత్రం అది తలకిందులైంది, మైనస్ 0.12 వచ్చింది. వలస వచ్చినవారు అక్షరాస్యత ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, అంతే. సగటుల మధ్య ఉన్న సంబంధం మనుషుల మధ్య ఉండాలని లేదు.

నర్మెట్ట నేలకు ఈ హెచ్చరిక ఇంకా గట్టిగా వర్తిస్తుంది. గ్రానైటు ప్రాంతంలో నీళ్లు ఇసుక నేలలో లాగా అంతటా సమంగా పరుచుకోవు. పైన మెత్తబడిన రాయి పొర, కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడా పగుళ్లు. పగులు దొరికిన బోరు పోస్తుంది, పక్క చేనులో దానికంటే లోతుగా వేసినా దుమ్మే లేస్తుంది. రైతులు జియాలజిస్టు చేత పాయింటు చూపించుకునేది అందుకే. మండల సగటు రెండు మీటర్లు పెరిగినా చెరువు కట్ట కింది బావులే ఆ పెరుగుదలంతా తెచ్చి ఉండవచ్చు. మత్తడికి ఎగువన చెలకల్లోని బోర్లకు అందులో చుక్క కూడా దక్కకపోవచ్చు. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు పరిశీలన బావులను కొలుస్తుంది, రాష్ట్ర శాఖకు సొంత పరిశీలన బోర్లున్నాయి. అవన్నీ విలువైన కొలతలే. కానీ ఒక పరిశీలన బావి చెప్పేది అదున్న చోటు గురించి. దాని మాటను మండలంలోని ప్రతి చేనుకూ పంచిపెట్టకూడదు.

ఇదంతా విని, లెక్కలన్నీ బూటకమే, ఎవరికి కావలసినట్టు వాళ్లు గీస్తారు అని తేల్చేవారూ ఉన్నారు. ఆ మాటనూ అంతే గట్టిగా ఖండించాలి. లెక్క వద్దంటే మిగిలేది ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట. రిగ్రెషన్ నిజాయితీగా వాడితే ఏం చెబుతుందో, ఎంతవరకు చెబుతుందో రెండూ తెలుస్తాయి. ఆ "ఎంతవరకు" అన్నదాన్ని ప్రపంచానికి నేర్పినవారిలో తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు ముందువరుసలో ఉంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేసిన సి.ఆర్.రావు 1945లో ఒక పత్రం ప్రచురించారు. చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారముందో దాన్నిబట్టే అంచనా కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని, ఒక వైపు ఒరగని ఏ అంచనా కూడా ఆ హద్దును దాటి మెరుగుపడలేదని అందులో నిరూపించారు. క్రామర్-రావు హద్దుగా అది నేడు ప్రపంచమంతా పాఠం. రేఖీయ నమూనాల మీద ఆయన 1965లో రాసిన గ్రంథం తరతరాల విద్యార్థులకు పునాది. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు దక్కింది, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక సంస్థ ఉంది. ఆ సంస్థ ఉన్న రాష్ట్రంలోనే పది చుక్కల నుంచి పదేళ్ల భవిష్యత్తు పిండుతామంటే ఒప్పుకోవడం ఎలా?

కాబట్టి నీళ్లు పెరిగాయని, ఫలానా దానివల్లే పెరిగాయని చెప్పదలచినవారు ముందు ఐదు సంగతులు బయటపెట్టాలి. ఒకటి, సగటు మాత్రమే కాకుండా ప్రతి పరిశీలన బావి కొలతా, అది ఏ ఊళ్లో, చెరువుకు ఎంత దూరంలో ఉందో. రెండు, అవే ఏళ్ల వాన, అదీ ఆ మండలంలోనే కొలిచిన వాన. మూడు, గీతతో పాటు చుక్కలు, అవశేషాలు. నాలుగు, వాలు అంకెతో పాటు దాని హద్దులు. ఐదు, ఆ పథకం అందని ఊళ్లలో అదే కాలంలో ఏం జరిగిందో. ఇందులో దేనికీ కొత్త యంత్రం అక్కరలేదు, కొత్త బడ్జెట్ అక్కరలేదు. ఇంటర్ గణితం వచ్చిన పిల్లలు ఒక్క పూటలో చేయగల లెక్క ఇది. కాలేజీలు ఈ మండలాల కొలతలనే ప్రాజెక్టులుగా ఇస్తే విద్యార్థులు పద్ధతి నేర్చుకుంటారు, ఊళ్లకు తమ నీళ్ల సంగతి తెలుస్తుంది.

రైతుకు చెప్పవలసిన మాట కూడా మారాలి. "ఇన్ని మీటర్లు పెరిగాయి, ధైర్యంగా బోరు వేసుకోండి" అనే మాట ఏ లెక్కా ఇవ్వలేదు. లెక్క ఇవ్వగలిగింది ఇంత: ఫలానా బావుల్లో, ఫలానా వాన పడిన ఏళ్లలో, నీళ్లు సగటున ఇంత లేచాయి, ఆ అంకె ఇంత నుంచి ఇంత దాకా ఉండవచ్చు, వాన తగ్గితే ఏమవుతుందో ఈ కొలతలు చెప్పలేవు, మీ చేనులో రాయి ఎలా ఉందో విడిగా చూపించుకోవాలి. ఈ మాట పొడుగ్గా ఉంటుంది, సభలో చప్పట్లు రావు. కానీ దాన్ని నమ్మి నిర్ణయం తీసుకున్న రైతు మోసపోడు. పైన చెప్పిన ఐదూ చూపించకుండా గీత ఒక్కటే చూపించి ఘనత కోరేవారికి, వారు ఏ పార్టీవారైనా, ఏ శాఖవారైనా, ఆ ఘనత ఇవ్వకూడదు.